పెరటిలోని రొట్టెల పొయ్యి



పాస్టరుకు పొయ్యి కట్టు పనియేమి యని మీరు నవ్వవచ్చును. నవ్వుడి; కాని కడవరకు చదువుడి. ఈ పొయ్యి నాకు నేర్పిన పాఠము ముప్పది యేండ్ల క్రిందట సెమినరీలో నేను విన్నదే. అప్పుడది నా చెవిని తాకెను గాని హృదయమును తాకలేదు.

మాది పల్నాడు జిల్లాలోని దుర్గి. మా సంఘములో ఇరువదిమంది వరకు యౌవనస్థులున్నారు. శనివారము సాయంకాలపు కూటమునకు వారిని ఇంటింటికి పోయి పిలువవలసి వచ్చుచుండెను. అదే మాచర్లకు పోయి పిజ్జా తినుటకైతే ఎవరును పిలువనక్కర లేదు! ఈ మాట నేనొకనాడు భోజనమువేళ విచారముతో చెప్పగా మా అమ్మాయి, “నాన్నా, మన పెరట్లోనే ఆ పొయ్యి కడితే వాళ్లు మన దగ్గరికే వస్తారు గదా?” అనెను. నా భార్య, “కట్టెల పొయ్యి నాకు కొత్తా ఏమండీ? మీరు కట్టించండి, రొట్టె సంగతి నేను చూసుకుంటాను” అనెను. పొయ్యియు, దాని యెదుట పదిమంది కూర్చుండుటకు ఇటుకల అరుగును కట్టింపవలెనని తీర్మానించుకొంటిమి.

పిజ్జా యెరుగని పెద్దలకొరకు ఒక మాట. పులిసిన గోధుమపిండిని పలుచగా పరచి, పైన టమాటా గుజ్జును జున్నును వేసి కాల్చిన రొట్టెయే పిజ్జా. ఇటలీ దేశములోని నేపుల్సు పట్టణము దానికి ప్రసిద్ధి. అక్కడివారి పిజ్జా చేయు విద్యను 2017లో యునెస్కో వారసత్వ సంపదగా గుర్తించెను. రోమాకు ఖైదీగా పోవుచున్న పౌలు ఓడ దిగిన పొతియొలీ రేవు ఆ నేపుల్సు అఖాతములోనిదే. అక్కడి సహోదరులు ఆయనను ఏడు దినములు తమయొద్ద ఉంచుకొనిరి. ఆ తరువాత కొన్ని సంవత్సరములకు, క్రీ.శ. 79లో, వెసూవియస్ అగ్నిపర్వతము బ్రద్దలై పాంపే పట్టణమును పూడ్చివేసెను. దానిని త్రవ్వినవారికి ఇటుకల గుమ్మటము గల రొట్టెల పొయ్యిలును, బొగ్గయిపోయిన రొట్టెలును దొరికినవి. పౌలు తినిన రొట్టెయు అట్టి పొయ్యిలో కాలినదే కావచ్చునని తలంచినప్పుడు నాకు ఈ పనిమీద ప్రీతి కలిగెను.

మా యూరిలోనే ఒక పెద్ద తాపీ మేస్త్రీ కలడు. వయస్సులో నాకంటె పదియేండ్లు పెద్ద. నడుమెత్తు దిమ్మె కట్టి, దానిమీద తడి ఇసుకను బోర్లించిన బుట్టవలె కుప్పపోసి, పాత కాగితములు కప్పి, ఆ కుప్పమీద ఇటుకలు పేర్చుకొని వచ్చెను. సిమెంటు ఆ వేడికి నిలువదని చెప్పి పుట్టమన్నును ఇసుకను కలిపి వాడెను. గుమ్మటము నిలిచిన పిమ్మట వాకిలిగుండ ఇసుకను తోడివేసెను. లోపలి వెడల్పు మూడడుగులు, ఎత్తు అడుగున్నర, వాకిలి యెత్తు పదకొండు అంగుళములు. వాకిలి ఇంతకంటె ఎత్తయినచో వేడి బయటికి పోవును, తగ్గినచో పొగ లోపలనే తిరుగును. గుమ్మటముమీద ఊక కలిపిన మట్టిని దళముగా మెత్తెను.

రొట్టె పెట్టు నేల దగ్గర మా యిద్దరికిని మాట పట్టింపు వచ్చెను. దుర్గి రాతి శిల్పములకు పేరుపడిన ఊరు. వాటికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. మాకు చేరువనున్న నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు శిల్పులు చెక్కినదియు మా పల్నాటి సున్నపురాయియే. ఆ రాతిపలకలు నాలుగు నేను ముందే తెప్పించి యుంచితిని. నున్నగా, అందముగా ఉన్నవి. వాటినే పొయ్యిలో పరువుమంటిని.

మేస్త్రీ తాపీ క్రిందపెట్టి, “అయ్యగారూ, ఇది సున్నపురాయండీ. మంటకు ఆగదు. బాగా కాలిన ఇటుక పెడదామండి. ఇంకొక మాట, ఈ మట్టి ఆరేదాకా వారం రోజులు చిన్న మంటే పెట్టాలండీ” అనెను.

“ఎండకు వానకు వందల యేండ్లు నిలిచిన రాయి మన రొట్టెకు నిలవదా? నేను చెప్పినట్టు చెయ్యి మేస్త్రీ” అంటిని. అతడు మారు పలుకక పలకలు పరచెను. ఇటుకల అరుగుకూడ ముగించి, కూలి తీసికొని వెళ్లెను.

నాకు వారము దినములు ఆగుటకు ఓపిక లేకపోయెను. మూడవనాడే, అది శనివారము గనుక, కూటము పెట్టి అందరిని పిలిచితిని. మేస్త్రీయు మనుమని వెంటబెట్టుకొని వచ్చెను. తుమ్మకట్టెలు పెద్ద మంట వేసితిమి. గుమ్మటము లోపలి నల్లని మసి కాలిపోయి ఇటుక తెల్లబడినప్పుడు పొయ్యి సిద్ధమైనట్లు గురుతు. ఆ గురుతు కనబడగానే నా భార్య మొదటి రొట్టెను లోపలికి తోసెను. పిల్లలు చప్పట్లు కొట్టిరి. అంతలో టపాకాయవలె గొప్ప చప్పుడయ్యెను. రాతిపలక బ్రద్దలై పెచ్చులు ఎగిరి రొట్టెలో పడెను. వెంటనే రెండవ పలకయు పగిలెను. గుమ్మటముమీద జానెడు బీట కనబడెను. దేవుని దయవలన ఎవరికిని దెబ్బ తగులలేదు.

పిడుగురాళ్ల బట్టీలలో సుమారు 900 డిగ్రీల వేడికి ఈ రాయియే కదా సున్నమగుచున్నది! మా పొయ్యిలో అంత వేడి లేదు. అయినను రాతి పొరలలోని తేమ ఆవిరి యగుటచేతను, పైభాగము వేడికి సాగి అడుగుభాగము చల్లగా ఉండుటచేతను అది పగిలెను. ఇదంతయు నేను తరువాత తెలిసికొన్నది. ఆ క్షణమున నా నోట వచ్చిన మాట వేరు. అందరు నా ముఖము చూచుచుండగా సిగ్గుపడి, “పని తెలిసిన మేస్త్రీని పెట్టుకోవలసింది” అంటిని.

చదువరీ, ఆ మాట అబద్ధము. అతనికి పని తెలియును. తెలియనివాడను నేను. మేస్త్రీ నావైపు ఒకసారి చూచి, మనుమని చేయి పట్టుకొని, ఏమియు తినకయే వెళ్లిపోయెను.

పది దినములకు సంఘపెద్ద యొకరు తమ ప్రహరీగోడ పనిని పొరుగూరి మేస్త్రీకి ఇచ్చిరని వింటిని. మన మేస్త్రీకి మాట ఇచ్చితిరి గదా యని అడుగగా, “మీరే గదండీ అయ్యగారూ, అతనికి పని తెలియదన్నారు” అనిరి. నా నోరు పెగలలేదు. నా సిగ్గును కప్పుకొనుటకు నేనాడిన ఒక్క మాట ఒక యింటివారి నెల దినముల కూటిని తీసివేసెను.

ఆ రాత్రి యోహాను సువార్త తెరచితిని. పేతురు చలి కాచుకొనుచు ప్రభువును ఎరుగనన్నది బొగ్గుల నిప్పు దగ్గర. తిబెరియ సముద్రతీరమున ప్రభువు రొట్టెయు చేపలును సిద్ధపరచి పేతురును మరల నిలువబెట్టినదియు బొగ్గుల నిప్పు దగ్గరనే. క్రొత్త నిబంధన గ్రీకు మూలములో ఆ మాట ఈ రెండు చోట్లనే వచ్చునని మా గురువుగారు చెప్పగా, పరీక్షకొరకు వ్రాసికొంటిని. ఇన్ని యేండ్లకు అది నాకొరకే యని తెలిసెను. తప్పిపోయిన చోటికే తిరిగి రావలెను.

తెల్లవారగానే మేస్త్రీ యింటికి పోతిని. “తప్పు నాది, మేస్త్రీగారూ. క్షమించండి” అంటిని. అతడు మంచము వాల్చి కూర్చుండబెట్టి, కొంతసేపు ఊరకుండి, “నాతో ఇంట్లో చెబితే ఏం లాభమండీ అయ్యగారూ? అన్నది పదిమందిలో గదా” అనెను. కోపముతో అనలేదు. అందుచేతనే ఆ మాట నన్ను మరింత పొడిచెను.

ఆ శనివారము అదే పొయ్యి యెదుట, అదే యౌవనస్థుల యెదుట, ఆదివారము ఆరాధనలో సంఘమంతటి యెదుటను జరిగినది జరిగినట్లు చెప్పితిని. ప్రసంగము చేయుట నాకు అలవాటే గాని, ఆ నాలుగు మాటలు చెప్పుటకు మోకాళ్లు వణకెను. ప్రహరీ పని మాత్రము తిరిగి రాలేదు. రెండవ మేస్త్రీ అప్పటికే పునాది తీసెను. క్షమాపణ పోయినదంతయు తిరిగి తేలేదని మరువకుడి. అందుకే మాటకు ముందే జాగ్రత్త అవసరము.

మేస్త్రీ మరల వచ్చెను. పగిలిన పలకలు తీసివేసి, ఇసుకమీద బాగుగా కాలిన ఇటుకలను అడుసు లేకయే దగ్గరగా పేర్చెను. ఎప్పుడైన ఒకటి పగిలినచో దానినొక్కదానినే మార్చుకొనవచ్చునట. బీటను మెత్తెను. ఈసారి అతడు చెప్పినట్లే ఏడు దినములు, దినదినము కొంచెము పెంచుచు, మంట పెట్టితిమి. మిగిలిన రెండు రాతిపలకలను అరుగు ప్రక్క దిమ్మెలమీద నిలిపి కూర్చుండు బల్లలుగా చేసెను. “రాయిలో తప్పులేదండీ. దాని చోటు ఇది” అనెను. నాగార్జునకొండ స్తూపములను ఇటుకతో కట్టి, కొన్నిటికి చెక్కిన రాతిని పైతొడుగుగా పెట్టిన పూర్వులకును ఈ సంగతి తెలియును. పుస్తకములు చదివిన నాకే తెలియలేదు.

ఇప్పుడు శనివారములలో పిల్లలు పిలువకయే వచ్చుచున్నారు. మొదటి రొట్టె మేస్త్రీ మనుమనిది.

ప్రియ చదువరీ, నీవును సిగ్గు కప్పుకొనుటకు పదిమందిలో ఎవరినైన తగ్గించి మాటాడితివా? ఆ మనిషి యింటికి నేడే పొమ్ము. పిమ్మట ఆ పదిమంది యొద్దకును పొమ్ము. ప్రభువు అక్కడ నిప్పులు రాజవేసి, రొట్టె సిద్ధపరచి, నీకొరకు కనిపెట్టుచున్నాడు.