రోటరీ కట్టరూ, మన పంచెకట్టూ

పత్తి యేరడం ముగిసిన తరువాత చేలో నిలిచిపోయే కట్టెను మా కోవిల్‌పట్టి వైపు పత్తిమారు అంటారు. మా నాయన కాలంలో ఆ కట్టె చేలో వారం రోజులైనా నిలిచేది కాదు. ఆడవాళ్లు వచ్చి పెరికి, మోపులు కట్టి, పొయ్యిలోకి పట్టుకుపోయేవారు. యిప్పుడు యింటింటా గ్యాసు వచ్చింది. పెరికే కూలీలు దొరకడం లేదు. కనుక కొందరు నిప్పు పెడుతున్నారు, కొందరు అలాగే వదిలేస్తున్నారు, కాస్త వోపిక వున్నవారు ట్రాక్టరు వెనుక రోటరీ కట్టరు తగిలించి ముక్కలు చేయిస్తున్నారు. మక్కజొన్న దంటుకూ అదే దారి. ముక్కలైన కట్టె నేలమీద పరచుకుంటే కరిసల్ మన్ను యెండకు తొందరగా నెర్రెలు విచ్చదు. పత్తికాయలో దాగిన గులాబి పురుగు కూడా కొంత నశిస్తుంది. నిప్పు కంటె యిది మేలని నా అభిప్రాయం.

యీ యంత్రాన్ని కొందరు స్లాషర్ అంటారు, కొందరు ష్రెడ్డర్ అంటారు. రోటవేటర్ వేరు, యిది వేరు. రోటవేటర్ మట్టిని తిరగేస్తుంది. యిది మట్టిని ముట్టకూడదు. మట్టిమీద నిలిచినదాన్ని మాత్రమే నరకాలి. యీ తేడా తెలియక కట్టరును నేలకు ఆనించి నడిపి కత్తులు విరగగొట్టుకున్నవారు వున్నారు.

విరుదునగరం దగ్గర వున్న నా మేనల్లుడు పోయిన యేడు పక్క రైతుతో కలిసి సగం సగం పెట్టుబడితో వొక కట్టరు కొన్నాడు. "మామా, మీరు వచ్చి వొక మాటు చూపించండి" అని ఫోను చేశాడు. కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా సుమారు యాభై కిలోమీటర్లు. బస్సులో వెళ్లి మూడు రోజులు వున్నాను. అక్కడ చూచినదీ చెప్పినదీ వ్రాయడం యెందుకంటే, మన కుటుంబాలలో పిల్లలు మదరాసులోనో బెంగుళూరులోనో వుద్యోగాలు చేస్తూ, సెలవులకు వచ్చినప్పుడు సరదాగా ట్రాక్టరు యెక్కడం యెక్కువయింది. కారు నడిపిన చేతికి ట్రాక్టరు సులభంగానే లొంగుతుంది. వెనుక తిరిగేది మాత్రం కారులో లేదు.

అందరూ కత్తులను చూచి జడుస్తారు. నేను మొదట మేనల్లుడికి చూపించింది కత్తులను కాదు, ట్రాక్టరుకూ కట్టరుకూ నడుమ వుండే పి.టి.వో. షాఫ్టును. అది నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అనగా సెకనుకు తొమ్మిది చుట్లు. మూడంగుళాల మందం వున్న గొట్టం తొమ్మిది చుట్లు తిరిగితే దాదాపు యేడడుగుల బట్టను చుట్టుకుంటుంది. మన నాలుగు మూరల పంచె ఆరడుగులే గదా! అంటే పంచె అంచు వొక్కసారి తగులుకుంటే, మనిషి "అమ్మా" అనే లోపల పంచె మొత్తం షాఫ్టు మీద వుంటుంది. పంచెతో పాటు యేది పోతుందో నేను వ్రాయనక్కరలేదు. చీరకొంగు, జారవిడిచిన జడ, నడుముకు బిగించిన తుండుగుడ్డ, అన్నీ దీనికి వొకటే.

రెండేండ్ల క్రిందట మా పక్క చేలో కట్టరు శబ్దం మారిందని డ్రైవరు దిగి, షాఫ్టు తిరుగుతూండగానే వంగి చూచాడు. భుజం మీది తుండు జారింది. నేను గట్టుమీద వున్నాను. నాకు కనబడింది వొక తెల్లని గీత మాత్రమే. తుండు వట్టిగా భుజాన వేసుకున్నది కనుక అదొక్కటే పోయింది. తలకు చుట్టుకొని మెడ క్రింద ముడివేసి వుంటే యేమయ్యేది? ఆ మనిషి ఆ సాయంత్రం అన్నం తినలేదని తరువాత విన్నాను.

యిందుకే కంపెనీవారు షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు వేసి, అది షాఫ్టుతో పాటు తిరగకుండా చిన్న గొలుసుతో బిగిస్తారు. మేనల్లుడి యంత్రానికి ఆ తొడుగు లేదు. అడిగితే, వొక వర్కుషాపులో గ్రీజు కొట్టడానికి అడ్డం అని తీసి మూలన పడవేశారట, తిరిగి యివ్వనూ లేదట! గ్రీజు పెట్టేవాడికి రెండు నిమిషాల సౌకర్యం, నడిపేవాడికి ప్రాణాపాయం. కొత్త తొడుగు తెప్పించి గొలుసు తగిలించిన తరువాతనే యింజను తాకనిచ్చాను. మొదటి రోజంతా దానికే పోయింది. మేనల్లుడు ముఖం ముడుచుకున్నాడు, నేను పట్టించుకోలేదు.

మన దేశంలో నూర్పిడి యంత్రాలలో చేతులు పోగొట్టుకున్నవారి గోడు విని 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. చట్టం మంచిదే, కాని మన చేనిగట్టు దాకా వచ్చి తొడుగు వుందా లేదా అని చూచేది యెవరు? యింటివారే చూడాలి.

రెండవ రోజు చేను నడిచాము, ట్రాక్టరు లేకుండా. మా కరిసల్ సీమలో పిట్టగోడ లేని పాతబావులు యెన్నో వున్నాయి. వాటి చుట్టూ సీమ కరువేలం, అదే ఆంధ్రులు సర్కారు తుమ్మ అనేది, గుబురుగా పెరిగి బావిని కప్పేస్తుంది. మేనల్లుడికి తెలిసిన బావులు రెండు. నడిస్తే మూడవది దొరికింది. దాని చుట్టూ కర్రలు పాతి యెర్రగుడ్డలు కట్టాము. సరిహద్దు రాళ్లు, తెగిపడిన కంచెతీగ, డ్రిప్పు గొట్టం ముక్కలు, అన్నీ యేరాము. తీగ కత్తికి చుట్టుకున్నా చెడ్డదే, ముక్కలై యెగిరినా చెడ్డదే.

సీమ కరువేలాన్ని కూడా దీనితోనే కొట్టేద్దామని అతని ఆశ. 2017లో హైకోర్టు మదురై బెంచి ఆజ్ఞ వల్ల వూరూరా దాన్ని తొలగించడం చూచాము గదా. పైపైన నరికినచోట అది రెట్టింపుగా చిగిర్చింది. వేలి మందం కొమ్మలైతే కట్టరుకు వప్పచెప్పవచ్చును. మణికట్టంత మొదలును వేరుతో పెకలించవలసిందే, అది జె.సి.బి. పని.

యిక నడిపే సంగతి. కట్టరు కొక్కీలకు పిన్నులన్నీ పడ్డాయా, షాఫ్టు రెండు కొనలా చీల టక్కుమని కూర్చుందా, గేరుబాక్సులో నూనె వుందా, కత్తుల నట్లు బిగువుగా వున్నాయా అన్నవి యింజను ఆపి వుండగానే చూడాలి. ముందుభాగం వెనుకటికన్న అరంగుళం క్రిందికి వుంచి, నేలకు నాలుగంగుళాల యెత్తున నరికేలా పెట్టుకున్నాము. యింజను స్టార్టు చేసేటప్పుడు గేరు న్యూట్రల్‌లో వుండాలి, పి.టి.వో. విడిపించి వుండాలి. తరువాత కట్టరును కొంచెం లేపి, యింజను మెల్లగా తిరుగుతూండగా పి.టి.వో. కలిపి, నెమ్మదిగా వేగం పెంచి, 540 అందిన తరువాతనే పైరులోకి దిగాలి. జోరుమీద వున్న యింజనుకు పి.టి.వో. కలపడం అంటే పరుగెత్తే యెద్దుకు హఠాత్తుగా కాడి తగిలించడమే. మలుపులో కట్టరును మరీ యెత్తితే షాఫ్టు కీళ్లు టకటక కొట్టుకుంటాయి. ఆ చప్పుడు వినబడిన వెంటనే దించాలి.

వొక సంగతి చాలమందికి తెలియదు. పాత ట్రాక్టర్లలో పెక్కింటికి వొకటే క్లచ్చి. కట్టరు కత్తులు బరువైనవి. వాటి వూపు క్లచ్చి తొక్కినా ఆగక, షాఫ్టు ద్వారా తిరిగి గేర్లలోకి వచ్చి ట్రాక్టరును ముందుకు నెడుతుంది. చెరువుగట్టు అంచున మనం ఆగిందనుకుంటాము, బండి ఆగదు. దీనికి విరుగుడుగా వెనుకకు నెట్టనివ్వని వొక కప్లింగు దొరుకుతుంది, షాఫ్టుకు ముందు తగిలిస్తారు. మేనల్లుడి ట్రాక్టరు ఆ కోవలోదే. కప్లింగు వచ్చేదాకా గట్టు దరికి పోవద్దని ఖండితంగా చెప్పాను.

మూడవ రోజు పని మొదలుపెట్టగానే, యెక్కడి నుంచి వచ్చారో గాని నలుగురు పిల్లలు, రెండు కుక్కలు! కట్టరు ముందుకు పోతే పొదల్లోంచి కుందేళ్లు లేస్తాయని వాళ్లకు తెలుసు. అయిదడుగుల చుట్టు గల కత్తి నిమిషానికి 900 సార్లు తిరిగితే దాని కొన వేగం గంటకు 250 కిలోమీటర్లు దాటుతుంది. లెక్క వేసి చూచుకోవచ్చును. ఆ కొనకు తగిలిన గులకరాయి కట్టరు చుట్టూ వేలాడే గొలుసుల్ని తప్పించుకుని వస్తే తుపాకిగుండుకు తీసిపోదు. నూరు గజాల లోపల మనిషి కనబడితే ఆపమన్నాను. ఆపాడు. పిల్లలకు బెల్లం మిఠాయి ఆశపెట్టి చింతచెట్టు క్రిందికి పంపించాను, కుక్కలు కూడా వెళ్లాయి.

ఆపడమంటే వేగం తగ్గించి, పి.టి.వో. విడిచి, కట్టరును నేలకు దించి, బ్రేకు వేసి, యింజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకోవడం. అప్పటికి కూడా కత్తులు ఆగవు. కొన్నిటిలో నిమిషం దాకా తిరుగుతాయి. షాఫ్టు కదలడం మానిందని కంటితో చూచి దిగాలి. లేపిన కట్టరు క్రిందికి యెన్నడూ దూరరాదు. దిమ్మెలు పెట్టి దూరుతారు కొందరు, కాని తడిసిన కరిసల్‌లో దిమ్మె దిగబడిపోతుంది; అడుగున వెడల్పాటి పలక వుండి తీరాలి.

మా చెల్లెలు అదే రోజు వాడికి రెండు కాకీ షరాయిలు కుట్టించింది, కాలి దగ్గర బిగువుగా. షరాయి తొడుక్కుంటే తప్ప తాళంచెవి యివ్వవద్దని దానికి చెప్పి బస్సెక్కాను. తాళంచెవి యిప్పుడు బియ్యపు డబ్బాలో వుంటోందట.