సీలేరు కొండలలో కోళ్ళగూళ్ళు

ఇంటిలో నొక చిన్నప్రాణిని పెంచవలెనను కోరిక పిల్లలకు సహజము. పెరడు గల యిండ్లలో కోడియో, కుందేలో, పావురమో ఆ కోరికను తీర్చుచుండును. పట్టణములలో నిప్పుడు హామ్‌స్టరు అను పిడికెడు జంతువును గూడ కొని తెచ్చుచున్నారు. ఎలుకకు దగ్గరి చుట్టమైన యీ ప్రాణి చూచుటకు ముద్దుగా నుండును. దానితోపాటు పంజరమును గూడ కొందురు. కొనునపుడు పంజరపు రంగును, మెరుగును, అది మన బల్లమీద నిముడునా యనుటను చూతుము గాని, లోపల బ్రదుకవలసిన ప్రాణికి ఏమి కావలెనో విచారించుట యరుదు. సీలేరు ప్రాంతపు కొండయిండ్లలో కోళ్ళకు కట్టిన గూళ్ళను చూచినపుడు ఈ విషయమై మాకు తోచిన సంగతులను మీకు విన్నవించుచున్నాము.

సీలేరునకు మేము నర్సీపట్నము మీదుగా పోయితిమి. ఘాటురోడ్డు ఎక్కిన పిమ్మట లంబసింగి వచ్చును. శీతకాలపు తెల్లవారుజామున నచ్చట చేతులు కొంకర్లు పోవునంత చలి. ఆవల చింతపల్లి, 1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు తన యనుచరులతో ముట్టడించిన పోలీసు ఠాణా గల యూరిదియే. గూడెం కొత్తవీధి వైపునకు సాగినకొలది సిల్వరు ఓకు చెట్లు, వానికి ప్రాకిన మిరియపు తీగెలు, వాని నీడను కాఫీ మొక్కలు కనుల పండువు చేయును. పిదప దారి నదిలోయలోనికి దిగును. ఎగువను మాచ్‌ఖండ్ అని పిలువబడు నదియే యిచ్చట సీలేరు. ఇది ఆంధ్ర, ఒడిశా రాష్ట్రములకు ఎల్లగా కొంతదూరము ప్రవహించి శబరిలో కలియును. శబరి కూనవరము వద్ద గోదావరిలో కలియును. ఊరివద్దనున్న ఎగువ సీలేరు జలవిద్యుత్కేంద్రము 1967లో పని ప్రారంభించినది. అందు 60 మెగావాట్ల యంత్రములు నాలుగు కలవు. ఊరు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది.

రోడ్డు విడిచి కొంత లోనికి పోగానే కొండపల్లెలు కనబడును. భగతలు, కొందులు, కొండదొరలు, వాల్మీకులు మొదలగువారు ఈ మండలమున నివసించుచున్నారు. మట్టిగోడలు, ముందు అరుగు, చుట్టును చిన్న దడి గల యిండ్లు. దాదాపు ప్రతి వాకిటను నాలుగైదు కోళ్ళు తిరుగుచుండును. పొలము, పశువులు మగవారి మాటపై నడచినను, కోళ్ళు మాత్రము ఇల్లాలి సొత్తు. బిడ్డకు పుస్తకములు కావలసినను, జ్వరమునకు మందు కావలసినను, ఒకరి నడుగక వారపు సంతలో అమ్మి పైకము తెచ్చుకొనుటకు ఆమెకు ఆధారము ఆ కోడియే. కాబట్టి ఒక రాత్రి గూడు తలుపు సరిగా పడక ముంగిసయో, పునుగుపిల్లియో, అడవిపిల్లియో లోన దూరెనా, ఆమె కూడబెట్టుకొన్నదంతయు తెల్లవారునప్పటికి ఈకలై మిగులును.

మేము చూచిన గూళ్ళు మూడు విధములు. మొదటిది వెదురుగంప. దానిని బోర్లించి పైన రాయి పెట్టుదురు. పిల్లలతోనున్న పెట్టను పగటివేళ గద్దనుండి కాపాడుటకిది చాలును. రాత్రికి చాలదు, పెద్దకోళ్ళు నేలమీద ఇరుకున కూర్చుండవలసి వచ్చును, పాము అడుగునుండి దూరగలదు. రెండవది అరుగు క్రింద తొలచిన గూడు. మట్టిలో నుండుటచే వెచ్చగా నుండును, పలక తలుపు వేసిన పిల్లులకు అందదు. కాని గాలి యాడదు. వానకాలమున నేల చెమర్చి రెట్టల ఘాటు పట్టి కోళ్ళ కండ్లకు, ఊపిరికి చెరుపు చేయును. తడినేల పిల్లలకు నెత్తురు విరేచనముల రోగమును గూడ తెచ్చును. మూడవది నాలుగు గుంజలపై నేలకు రెండుమూడడుగుల ఎత్తున నిలిపిన వెదురుగుడిసె. తడికెల గోడలు, గడ్డికప్పు, చిన్న తలుపు, ఎక్కుటకొక వాలుకర్ర. లోపల అడ్డముగా రెండు కర్రలు.

ఈ మూడవది కట్టిన ఇల్లాలిని మేము అడ్డకర్రలెందులకని అడిగితిమి. అడవికోడి కొమ్మపైన నిద్రించునుగదా, యింటికోడి మాత్రము నేలనెట్లు నిద్రించునని ఆమె మమ్ము ఎదురడిగినది. ఆ మాటలో శాస్త్రము కలదు. మన యింటికోళ్ళకు మూలము ఎఱ్ఱ అడవికోడియని డార్విను 19వ శతాబ్దముననే చెప్పెను. 2020లో ప్రకటింపబడిన జన్యుపరిశోధనయు దానినే బలపరచినది. ఆ అడవికోడి తూర్పుకనుమలలో నేటికిని కూయుచున్నది. పగలు నేలను గీరి తినుట, చీకటి పడగానే కొమ్మ నెక్కుట దాని స్వభావము. వేల యేండ్లుగా మన వాకిట మెలగినను కోడి ఆ స్వభావమును విడువలేదు. అందుచే కోడికి కావలసిన గృహమునకు ప్రధానగుణము ఎత్తు.

పెరటిలో కోళ్ళు పెంచు సోదరీమణులు ఈ కొలతలను గుర్తుంచుకొనవచ్చును. పగలు బయట తిరుగు కోడికి గూటిలో రెండు చదరపుటడుగుల చోటు, అడ్డకర్రపై ఎనిమిదంగుళముల నిడివి ఉండవలెను. కర్ర నున్నగా, కాళ్ళు పట్టుకొనుటకు వీలగు లావున ఉండవలెను. గాలి పైభాగమునుండి పోవునట్లు కప్పు క్రింద సందు విడిచి, దానికి సన్నని ఇనుపవల కొట్టవలెను. గుడ్లు పెట్టుటకు అడుగు పొడవు, వెడల్పుగల గడ్డిబుట్ట నాలుగైదు పెట్టలకొకటి చాలును. పొదిగిన పెట్ట 21 దినములు కదలక కూర్చుండును గనుక, దాని బుట్టను చీకటిగా, సందడి లేనిచోట ఉంచవలెను. వెదురు సందులలో గోమార్లు చేరును. అప్పుడప్పుడు సున్నము పూయుట మంచిది. కోళ్ళు పొర్లాడి యొడలు శుభ్రపరచుకొనుటకు వాకిట పొడిదుమ్ము ఉంచవలెను.

ఎంత మంచి గూడైనను కొక్కెర తెగులును ఆపజాలదు. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్ వద్దను, జావా ద్వీపమునను గుర్తింపబడిన ఈ తెగులునకు మనదేశమున హిమాలయములలోని రాణీఖేతు పేరు వచ్చినది. ఇది సోకిన వాకిలి యొక వారములో శూన్యమగును. దీనికి టీకా కలదు. పశువైద్యశాలవారిచే వేయించుట, సంతలో కొన్న కోడిని రెండు వారములు వేరుగంపలో నుంచి చూచుట, ఈ రెండును గూటికి తోడుగా నుండవలెను.

ఇక హామ్‌స్టరు మాటకు వత్తము. కొండ యిల్లాలు కోడిని గూర్చి అడిగిన ప్రశ్ననే దీనిని గూర్చియు అడుగుదము: దీని పూర్వులు ఎచ్చట నిద్రించిరి? బంగారురంగు హామ్‌స్టరు సిరియాదేశపు అలెప్పో ప్రాంతమునకు చెందినది. 1930లో జెరూసలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞుడు ఇజ్రాయేలు అహరోనీ అచ్చట పొలమును లోతుగా త్రవ్వించి ఒక తల్లిని, దాని పిల్లలను పట్టి తెచ్చెను. నేడు లోకమున పెంపుడుగానున్న ఆ జాతివానిలో అత్యధికము ఆ యొక్క బొరియ సంతతియే. అది మట్టిలో సొరంగము త్రవ్వి, గింజలను బుగ్గసంచులలో మోసికొనిపోయి దాచుకొని, పగలు చల్లని చీకటిలో నిద్రించి, రాత్రి తిరుగు ప్రాణి. కోడికి ఎత్తు ఎట్టిదో, దీనికి లోతు అట్టిది.

అంగడిలో అమ్మబడు ఊచల పంజరములలో అడుగున రెండంగుళముల పొట్టు పట్టుటే కష్టము. 2006లో స్విట్జర్లండు పరిశోధకులు 10, 40, 80 సెంటీమీటర్ల లోతున పొట్టు పోసి హామ్‌స్టరులను పెంచి చూచిరి. 10 సెంటీమీటర్లలోనున్నవి ఊచలను విస్తారముగా కొరికినవి. 80 సెంటీమీటర్లలోనున్నవి అరుదుగా కొరికినవి. ఊచ కొరుకుటను ఆటయని పిల్లలు నవ్వుదురు; అది చోటు చాలని బాధ.

కాబట్టి ఎత్తైన అంతస్తుల పంజరము వలదు. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు గల గాజుతొట్టియో, కొయ్యపెట్టెయో, పైన వల మూతతో నుండిన మేలు. అడుగున కాగితపు తునకలను జానెడుకు మించి, వీలైనంత లోతుగా పోయవలెను. దూది వేయరాదు, పోగులు కాళ్ళకు చుట్టుకొనును, మ్రింగిన కడుపులో అడ్డుపడును. తిరుగు చక్రమునకు కమ్ములు గాక నిండు పలక ఉండవలెను. ఒక పెట్టెలో ఒక్కదానినే ఉంచవలెను. ఎదిగిన రెండింటిని కూర్చిన ఒకదాని నొకటి గాయపరచును. ఎండ తగులుచోట, వంటయింట ఉంచరాదు. ఉష్ణము 30 డిగ్రీలు దాటిన యీ ప్రాణి తాళలేదు. మన మైదానపు వేసవిలో 40 డిగ్రీలు దాటు దినములు కలవు గదా! మట్టికుండను పండబెట్టి లోపల నుంచిన కొంత చల్లదన మిచ్చును. ఇంటిలో చల్లని గది లేనివారు దీనిని కొనకుండుటే దానికి చేయు ఉపకారము.

కొండలకు పోయినపుడు పిల్లలు చిలుకను, గోరువంకను కొనిపెట్టుమని యడుగుదురు. అడవిచిలుకలను, గోరువంకలను పట్టుట, అమ్ముట, పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. ఆకాశమంత యిల్లు గల ప్రాణికి మనము కట్టగల గూడు లేదు.

పిల్లలు చిన్నప్రాణిని కోరినపుడు వెంటనే అంగడికి పోక, అది యేదేశపుదో, ఎచ్చట నిద్రించునో, ఏ వేళ తిరుగునో, ఒంటరిదో గుంపులోనిదో వారిచేతనే చదివించి చెప్పించుడు. పెట్టెను వారిచేతనే సిద్ధపరపించుడు. పెట్టె సిద్ధమై, దానికి తగిన చోటు ఇంటిలో కుదిరిన పిమ్మటనే ప్రాణిని తెచ్చుడు. సీలేరు కొండలలోని ఇల్లాండ్రు గూడు కట్టిన తరువాతనే పొరుగింటినుండి పెట్టను తెచ్చుకొనుట మేము చూచితిమి.