దొంగలకు కారొద్దు... కార్డే ముద్దు!

లండన్ తూర్పు వైపున ఈస్ట్ హామ్ ఉంది. అక్కడి హై స్ట్రీట్ నార్త్‌లో నడుస్తుంటే పరాయి దేశంలో ఉన్నామనే అనిపించదు. దోసెలు వేసే హోటళ్లు, చీరల కొట్లు, నగల దుకాణాలు, రోడ్డు పక్కనే మహాలక్ష్మి గుడి. పిల్లల్ని చూడ్డానికి లండన్ వెళ్లినప్పుడు అటువైపు వెళ్తే, కొట్ల అద్దాలతో పాటు ఆగి ఉన్న కార్ల అద్దాల్లోకీ ఓ చూపు వేయండి. (మరీ వంగి చూడకండి, అనుమానిస్తారు!)

కొన్ని కార్లలో స్టీరింగు ముందు నీలిరంగు కార్డు కనిపిస్తుంది. దాని పక్కనే, కారు ఎన్నింటికి ఆపారో చెప్పే గడియారం బొమ్మ. అదే బ్లూ బ్యాడ్జ్. సరిగా నడవలేని వారికి స్థానిక కౌన్సిల్ ఇచ్చే పార్కింగ్ కార్డు. కొందరు దాన్ని ఇనుప చట్రంలో పెట్టి, తీగతో స్టీరింగుకు కట్టి తాళం వేస్తారు. ఇంగ్లండ్‌లో ఆ కార్డు రుసుం 10 పౌండ్లకు మించదు. మరి దానికి అంత కాపలా ఎందుకు?

లండన్‌లో కారు కొనడం కంటే ఆపడం కష్టం. ఈ కార్డుంటే ఇంగ్లండ్‌లో చాలాచోట్ల పసుపు గీతల మీద కూడా 3 గంటలు ఆపుకోవచ్చు. నగరం నడిబొడ్డుకు వెళ్లే కార్ల మీద 2003లో రద్దీ రుసుం పెట్టినప్పుడు, పేరు నమోదు చేయించుకున్న బ్యాడ్జ్‌దారులకు మినహాయింపునిచ్చారు. అందుకే దొంగ అద్దం పగలగొట్టి, కారు వదిలేసి కార్డు పట్టుకుపోతాడు. కాళ్లూచేతులూ బాగున్నవాళ్లే దాన్ని కొనుక్కుంటారు. ఇంగ్లండ్‌లో 2013లో 656 కార్డులు చోరీ అయితే, 2018లో 4,246 పోయాయి!

కిటుకంతా కార్డు తీరులోనే ఉంది. 1970 నాటి చట్టంతో మొదలైన ఈ సదుపాయంలో కార్డు మనిషిది, కారుది కాదు. కొడుకు కారెక్కినా, టాక్సీ ఎక్కినా వెంట తీసుకెళ్లొచ్చు. ఫొటో వెనకవైపు ఉంటుంది. అద్దంలోంచి నంబరు, గడువు తేదీ మాత్రమే కనిపిస్తాయి. వికలాంగుడి పేరూ మొహమూ దారిన పోయేవాళ్లకు తెలియనక్కర్లేదు కదా! దొంగకు కూడా సరిగ్గా అదే కలిసొచ్చింది.

పోగొట్టుకున్నవారి పాట్లు వేరు. అద్దం వేయించుకోవాలి, పోలీసుల దగ్గర కేసు నంబరు తీసుకోవాలి, కౌన్సిల్‌కు మళ్లీ దరఖాస్తు పెట్టాలి. కొత్త కార్డు వచ్చేదాకా, నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషి ఆస్పత్రికి ఎలా వెళ్లాలి?

2013లో తెచ్చిన చట్టంతో కౌన్సిల్ సిబ్బందే, పోలీసుల కోసం ఆగకుండా, దుర్వినియోగమవుతున్న కార్డును స్వాధీనం చేసుకోవచ్చు. జరిమానా 1,000 పౌండ్ల దాకా పడుతుంది. లండన్‌లో కొన్ని బరోలు (మన మున్సిపాలిటీల్లాంటివి) ఇంకో ఉపాయం పట్టాయి. బ్లూ బ్యాడ్జ్ ఇంట్లో పెట్టుకోండి, కారు నంబరుతో జోడు కార్డు ఇస్తాం, అదే అద్దంలో పెట్టండి అంటున్నాయి. వేరే కారులో చెల్లదు కాబట్టి దొంగకు పనికిరాదు. వెస్ట్‌మినిస్టర్‌లోనూ స్థానికులకు ఇలాంటిదే తెల్ల బ్యాడ్జ్ ఉంది.

అయితే లండన్‌లో ఇలాంటి బరోలు 32. సిటీ ఆఫ్ లండన్ అదనం. జోడు కార్డు ఇచ్చిన బరో పొలిమేర దాటితే అది చెల్లదు. పక్క బరోలో ఉన్న ఆస్పత్రికో, బంధువుల ఇంటికో వెళ్లాలంటే బీరువాలోంచి అసలు కార్డు తీయాల్సిందే, దాంతోపాటు ఆ ఇనుప చట్రమూ తాళమూ!