కడప పట్టింది, కర్నూలు పట్టలేదు

టెర్మినల్ మార్చడం బయటివాళ్ళకు చెప్పుకునే సంగతి కాదు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు; పాతదీ అంతే, కొత్తదీ అంతే. కానీ నేను రోజూ తెరిచే ఫైళ్ళు బోరుబావుల నీటిమట్టాలవి, వాటిలో ఊళ్ళ పేర్లు తెలుగులో ఉంటాయి. పాత టెర్మినల్‌లో ప్రొద్దుటూరు ‘ప్‌రొద్‌దుటూరు’ అయి కూచునేది.

“ఇంగ్లీషులో పెట్టేస్తే పోలే అన్నా, ఈ అగచాట్లెందుకు?” అన్నాడు మా జట్టులో చిన్నవాడు. సులువే. కానీ ఇంగ్లీషులో కడపకే 2005 దాకా సర్కారు కాయితాల్లో వేరే స్పెల్లింగు ఉండింది. ఎర్రగుంట్లను కొందరు ‘వై’తో, కొందరు ‘ఈ’తో మొదలుపెడతారు. ఆళ్లగడ్డలో ‘ళ’ అసలు మిగలదు. రెండు ఫైళ్ళు కలపబోతే ఒక ఊరు కాస్తా రెండు ఊళ్ళవుతుంది. (తెలుగులోనూ ఆళ్లగడ్డ, ఆళ్ళగడ్డ అని రెండూ రాస్తారు, అది వేరే తలనొప్పి.)

ఇంతకీ టెర్మినల్ అంటే 1978 నాటి వీటీ100 యంత్రం వేసుకున్న కొత్త వేషం. అడ్డంగా 80 గళ్ళు, నిలువుగా 24 వరుసలు, గడికొక అక్షరం. కడప ఇందులో అచ్చంగా ఇముడుతుంది: మూడు అక్షరాలు, మూడు గళ్ళు. పేచీ అంతా కర్నూలుతోనే. కంటికి మూడే అక్షరాలు, యూనికోడ్‌లో ఏడు సంకేతాలు. ఎన్ని గళ్ళు కావాలంటే ఒక లైబ్రరీ ఆరంటుంది, కొమ్ముల్ని లెక్కపెట్టని ఇంకొకటి నాలుగంటుంది. ప్రోగ్రాముదొక లెక్క, టెర్మినల్‌దొక లెక్క అయితే కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట.

కొత్తది హార్ఫ్‌బజ్ సాయంతో గుణింతాన్నీ వత్తునీ కలిపి గీస్తుంది. మొదటిరోజు పని పక్కనపెట్టి జమ్మలమడుగు, పత్తికొండ, ఎమ్మిగనూరు అని చదువుకుంటూ పోయాను. వేగంలో తేడా నాకేం కనబడలేదు. షార్ట్‌కట్‌లు వేళ్ళకెక్కడానికి మాత్రం రెండు వారాలు పట్టింది.

నిలువు వరుసలు ఇప్పటికీ వంకరే. అందుకని ఊరిపేరును చివరికి జరిపాను: తేదీ, నీటిమట్టం, ఆ తర్వాత ఊరు. పేరు ఎంత సాగినా దాని వెనక పక్కకు జరగడానికి ఇంకేమీ లేదు. బ్యాక్‌స్పేస్ కొడితే వత్తొక్కటే పోవాలా, అక్షరమంతా పోవాలా అన్నది ఇంకా తేలలేదు. అంతదాకా పేర్లు టైపు చేయాల్సివస్తే వేరే ఎడిటర్ తెరుస్తున్నాను.