ఓస్టియా రేవులో ఒక తల్లి కోరిక

గతించినవారికి జీవించియున్నవారు చేయగల ఉపకారమేమైనా కలదా? తిలోదకం విడిచే ప్రతి చేతిలోనూ ఈ ప్రశ్న ఉన్నది. క్రైస్తవ సంప్రదాయంలోనూ ఒక తల్లి మరణశయ్య చెంత ఇదే ప్రశ్న ఉదయించినది.

క్రీ.శ. 387లో రోము సమీపాన ఓస్టియా రేవులో, క్రైస్తవ వేదాంతాచార్యుడైన అగస్టీన్ తల్లి మోనికా జ్వరపీడితురాలైనది. ఆఫ్రికాలోని స్వస్థలంలో, భర్త సమాధి పక్కనే తన దేహమూ ఉండవలెనని ఆమె చిరకాలం ఆశించినది. అంత్యకాలంలో ఆ మమకారం జారిపోయినది. ఈ దేహాన్ని ఎక్కడనైనా ఉంచండి, మీరెక్కడ ఉన్నా దైవపీఠం వద్ద నన్ను స్మరించండి, అంతే చాలునని కుమారులను కోరి, తన 56వ ఏట కన్నుమూసినది. పరలోకంపై విశ్వాసమున్నవాడు విలపించరాదని అగస్టీన్ దుఃఖాన్ని బిగబట్టినాడు. ఏకాంతంలో ఆ నిగ్రహం కరిగిపోయినది. తదనంతరం తన ఆత్మకథలో, తల్లిదండ్రులను ప్రార్థనలో స్మరించవలసినదిగా పాఠకులనూ అర్థించినాడు.

క్రైస్తవ సిద్ధాంతంలో మానవజన్మ ఒక్కటే. కర్మశేషాన్ని తీర్చుకొనుటకు మరొక జన్మ లభించదు. మరణానంతరం దైవనిర్ణయం, యుగాంతంలో దేహసహితమైన పునరుత్థానం. అట్లయిన, భగవత్కృపలో ఉండియు పరిపూర్ణశుద్ధి పొందక మరణించిన జీవుని గతి ఏమి? కతోలికులు దీనికి సమాధానంగా ఒక శుద్ధిదశను చెప్పినారు. తెలుగు కతోలికులు దానిని ‘ఉత్తరించు స్థలం’ అంటారు. 1439లో ఫ్లోరెన్సు మహాసభ, 1563లో ట్రెంటు మహాసభ దీనిని ధ్రువీకరించినవి. అచటి జీవులకు బంధువుల ప్రార్థన, బలిపూజ, దానధర్మాలు తోడ్పడునని వారి విశ్వాసం.

కాని ఆ ఉపకారానికి వెల ఏర్పడినది. పాపదండన తగ్గింపు పత్రాలు ధనానికి లభించసాగినవి. 1517లో మార్టిన్ లూథర్ దానిని ప్రశ్నించినాడు. క్రమంగా ప్రొటెస్టెంటులు ఆ శుద్ధిదశనే నిరాకరించినారు. మృతులు కేవలం దైవకృపకు అప్పగింపబడినవారు, జీవులు చేయవలసినది శేషించలేదని వారి నిశ్చయం. తల్లిని కోల్పోయిన బిడ్డకు ఇది ఒకవిధంగా ఊరట, మరొకవిధంగా రిక్తహస్తం.

పితృకర్మను జీవనవృత్తిగా స్వీకరించినవారికి ఈ చరిత్ర పరాయిది కాదు. శ్రద్ధ ఉన్నచోటనే అది శ్రాద్ధం. వెల ముందుకు వచ్చినచోట శ్రద్ధ వెనుకకు తగ్గును. నవంబరు 2న సమాధులపై కొవ్వొత్తులు వెలిగించే తెలుగు కతోలిక కుటుంబాలు నేటికీ మోనికా కోరికనే నెరవేర్చుచున్నవి. ఆమె సుగంధద్రవ్యాలను కోరలేదు, స్మారకశిలను కోరలేదు. బిడ్డల స్మరణను మాత్రమే కోరినది.