చేతికి తగ్గ రేడియో

రాయ్‌పూర్‌లో పండ్రీ బట్టల మార్కెట్‌కు పక్కనే ఉంటుంది దేవేంద్ర నగర్. సెక్టార్లుగా వేసిన వీధులు, కింద దుకాణం, పైన కాపురం. ఇక్కడ తెలుగు వినబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ దాకా రైలు మార్గం 1931లో పూర్తయింది. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఈ ఊళ్ళో ఉన్నాయి. నేను వెళ్ళింది అలాంటి ఒకరింటికే. రైల్వేలో సిగ్నల్ పని చేసి రిటైరైన ఆయన, మేడ మీద గదిలో రేడియో కంట్రోల్ విమానాలు కట్టి, ఎగరేయడం నేర్పుతారు. ఎడమచేతి వాటం వాళ్ళకూ, ఒక చెయ్యి సరిగా ఆడని వాళ్ళకూ రేడియోలు సరిచేసి ఇస్తారని విని వెళ్ళాను. పేరు రాయొద్దన్నారు కాబట్టి, అందరూ పిలిచినట్టే మాస్టారు అంటాను.

గదిలో అడుగుపెట్టగానే హాట్ గ్లూ వాసన. గోడ పొడుగునా కొక్కేలకు ఫోమ్ రెక్కలు వేలాడుతున్నాయి. డబ్బాల్లో ఏ2212 మోటార్లు, తొమ్మిది గ్రాముల సర్వోలు, విరిగిన ప్రొపెల్లర్లు. బల్ల మీద ఒక ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6 రేడియో వెనక మూత తీసి బోర్లా పెట్టి ఉంది. దాని ముందు ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయి స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంది, ఎడమ చేత్తో.

"రేడియో కొనేవాళ్ళు నన్నడిగే మొదటి ప్రశ్న ఎన్ని ఛానెళ్ళని. రెండోది ఎంత దూరం పోతుందని. ఏ చేత్తో ఏం చేస్తానని మాత్రం ఎవరూ అడగరండీ" అన్నారు మాస్టారు, నాకు కుర్చీ చూపిస్తూ.

విమానానికి ముఖ్యంగా నాలుగు పనులు చెప్పాలి. ముక్కును పైకీ కిందికీ తిప్పేది ఎలివేటర్. రెక్కలను పక్కకు వాల్చేది ఏలరాన్. ముక్కును ఎడమకూ కుడికీ తిప్పేది రడ్డర్. మోటారు వేగం చూసేది థ్రాటిల్. రేడియో మీద స్టిక్‌లు రెండే, ఒక్కొక్కటి నిలువుగానూ అడ్డంగానూ కదులుతుంది. ఏ పని ఏ చేతికి అప్పగించామన్నదాన్నే మోడ్ అంటారు. మన దేశంలో దుకాణంలో దొరికేది దాదాపు అంతా మోడ్ 2. ఎడమ చేతిలో థ్రాటిల్, రడ్డర్. కుడి చేతిలో ఎలివేటర్, ఏలరాన్. అసలు విమానంలో పైలట్ చేతి కర్ర చేసే రెండు పనులూ కుడి స్టిక్ మీదే ఉంటాయి కాబట్టి చాలామందికి ఇది సహజంగా తోస్తుంది. జపాన్‌లో మోడ్ 1 ఎక్కువ. అందులో ఎలివేటర్, రడ్డర్ ఎడమ చేతికి పోతాయి; థ్రాటిల్, ఏలరాన్ కుడి చేతికి వస్తాయి. ఎలివేటర్, ఏలరాన్ వేర్వేరు చేతుల్లో ఉంటే ఒకదాన్ని లాగేటప్పుడు రెండోది పొరపాటున కదలదని మోడ్ 1 వాళ్ళ వాదన. విన్యాసాలు చేసేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. లూప్ చేస్తుండగా రెక్క కాస్త వాలినా గీత వంకరవుతుంది.

ఇక అరుదైనవి రెండు. మోడ్ 2ను అద్దంలో చూసినట్టుండేది మోడ్ 3: ఎలివేటర్, ఏలరాన్ ఎడమకు వస్తాయి, థ్రాటిల్, రడ్డర్ కుడికి పోతాయి. మోడ్ 1ని అలా తిప్పితే మోడ్ 4. అమ్మాయి తన రేడియోను మోడ్ 3కి మార్చుకుంటోంది.

ఎడమచేతి వాటం ఉన్న ప్రతివాళ్ళకూ మోడ్ 3 కావాలా? ఈ సంగతి మాస్టారిని గట్టిగానే అడిగాను. ఎడమచేత్తో రాసేవాళ్ళు మోడ్ 2లో హాయిగా ఎగరేయడం నాకు తెలుసు. పైగా మోడ్ 3 వాళ్ళు మైదానంలో ఇంకొకరి రేడియో తీసుకుని ఒక చుట్టు తిప్పలేరు. వాళ్ళ విమానాన్ని ఆపదలో ఇంకొకరు అందుకోలేరు. ఆయన కాదనలేదు. "అందుకేనండీ, ముందు సిమ్యులేటర్. రేడియోను యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి రెండు మోడ్‌లూ ఆడించమంటాను. ల్యాండింగ్ కొచ్చేసరికి చెయ్యే చెబుతుంది. ఈ అమ్మాయికి మోడ్ 2లో ఎన్నిసార్లు ఆడినా కుడి చెయ్యి బిగుసుకుపోయింది. మోడ్ 3లో మర్నాటికే రన్‌వే మీద దించింది."

నిర్ణయం మొదటి ఎగురుడుకు ముందే జరగాలన్నది ఆయన పట్టుదల, నాకూ అది నూటికి నూరు పాళ్ళు సబబనిపిస్తుంది. విమానం మన నుంచి దూరంగా పోతున్నప్పుడు కుడి కుడే. మన వైపు తిరిగి వస్తున్నప్పుడు దాని కుడి మనకు ఎడమ. కొత్తవాళ్ళ బుర్ర ఆ తిరకాసుతోనే సతమతమవుతుంది. నేలకు రెండు నిలువుల ఎత్తులో రెక్క వాలిందంటే ఆలోచించే వ్యవధి ఉండదు, వేళ్ళే చెయ్యాలి. ఆ వేళ్ళకు ఒక మోడ్ అలవాటయ్యాక ఇంకోటి నేర్పడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం.

అమ్మాయి పక్కన కూర్చుని పని చూశాను. స్టిక్ కూర్చున్న చట్రాన్ని గింబల్ అంటారు. నాలుగు కదలికల్లో మూడింటికి స్ప్రింగ్ ఉంటుంది, వేలు తీస్తే స్టిక్ మధ్యకు వచ్చేస్తుంది. థ్రాటిల్‌కు స్ప్రింగ్ ఉండదు. దాని బదులు సన్నటి లోహపు పట్టీ ఒకటి ఒరుసుకుంటూ స్టిక్‌ను పెట్టినచోట నిలుపుతుంది, కదిపితే కటకటమంటుంది. ఆమె కుడి గింబల్ నుంచి, పెన్ను స్ప్రింగ్ కన్నా సన్నగా ఉన్న తీగచుట్టను పట్టకారుతో కొక్కెం నుంచి తప్పించింది. దాని కిందున్న ప్లాస్టిక్ మీటను ఊడదీసి ఎడమ గింబల్‌లో కూర్చింది. స్ప్రింగ్‌ను కొత్త కొక్కేనికి తగిలించడమే గండం. చేత్తో లాగితే ఎగిరి మంచం కిందికి పోతుంది. మాస్టారు కుట్టుదారం ముక్క ఇచ్చారు. స్ప్రింగ్ చివరి గుండ్రంలోంచి దారం పోనిచ్చి, దారాన్ని లాగి కొక్కేనికి తొడిగి, దారం తీసేసింది. తర్వాత లోహపు పట్టీ, దాని స్క్రూ కుడివైపుకు మారాయి. మూత మూసే ముందు ఆయన రెండు స్టిక్‌లూ మూల నుంచి మూలకు తిప్పి, తీగలేవీ ఇరుక్కోలేదని చూశారు.

మూత పెట్టాక సాఫ్ట్‌వేర్. ఐ6 సిస్టమ్ మెనూలో స్టిక్ మోడ్ అని ఉంటుంది, ఎం1 నుంచి ఎం4 దాకా. చాలామంది ఇది ఒక్కటే మార్చి పని అయిపోయిందనుకుంటారు. స్ప్రింగ్ మార్చకుండా మెనూలో మాత్రం మారిస్తే థ్రాటిల్‌కు స్ప్రింగ్ వస్తుంది, వేలు తీయగానే అది మధ్యలో నిలబడుతుంది. అంటే మోటారు సగం వేగంతో తిరుగుతూనే ఉంటుంది. ప్రొపెల్లర్ ముందు చెయ్యి పెట్టినవాడి గతి చెప్పక్కర్లేదు. అందుకే మోడ్ మార్చిన రోజు ప్రొపెల్లర్ విప్పేశాకే బ్యాటరీ పెట్టాలని ఈ గదిలో నియమం.

కొనేవాళ్ళకు నిజంగా పనికొచ్చే సంగతి ఒకటి ఇక్కడే తెలిసింది. యంత్రం లెక్కన చూస్తే మోడ్‌లు నాలుగు కావు, రెండే. థ్రాటిల్ కుడివైపుండేవి 1, 3. ఎడమవైపుండేవి 2, 4. కాబట్టి మోడ్ 3 కావలసినవాళ్ళు డబ్బా మీద మోడ్ 1 అని రాసిన రేడియో దొరికితే తీసుకోవచ్చు, మూత విప్పే పని ఉండదు, మెనూలో మారిస్తే చాలు. అది దొరక్కపోతే, మూత విప్పి స్ప్రింగ్ మార్చడానికి వీలున్న గింబల్ ఏదో ముందే కనుక్కోవాలి.

ఎడ్జ్‌టీఎక్స్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియోమాస్టర్ టీఎక్స్16ఎస్ లాంటివాటిలో ఇంకా వెసులుబాటు ఉంది. మోడ్‌ను రేడియో సెటప్‌లో మార్చి, స్టిక్‌లను క్యాలిబ్రేట్ చేసుకోవాలి. మోడ్ వేరు, ఈ పనులు విమానంలోని రిసీవర్‌కు చేరే ఛానెళ్ళ వరుస వేరు. ఏలరాన్, ఎలివేటర్, థ్రాటిల్, రడ్డర్ అనే వరుస ఒకటి. థ్రాటిల్‌తో మొదలయ్యే వరుస ఇంకొకటి. మోడ్ మారితే రిసీవర్‌లో సర్వో పిన్నులు మార్చక్కర్లేదు. ఈ రెండింటినీ కలగలిపి గంటల తరబడి తంటాలు పడేవాళ్ళే మాస్టారి దగ్గరికి ఎక్కువగా వస్తారట.

మధ్యాహ్నం ఇంకొకాయన వచ్చారు. రోడ్డు ప్రమాదంలో ఎడమ చెయ్యి దెబ్బతిని, వేళ్ళలో పట్టు పోయింది. ఈయన కోసమే మాస్టారు టీఎక్స్16ఎస్ తెప్పించారు. ఒకే స్టిక్‌తో నడిపే ఆలోచన కొత్తదేమీ కాదు. 1967లో కోర్సికాలో జరిగిన రేడియో కంట్రోల్ విన్యాసాల ప్రపంచ పోటీల్లో గెలిచిన ఫిల్ క్రాఫ్ట్ సంస్థ, ఒకే స్టిక్ ఉన్న రేడియోలు కూడా చేసింది. రేడియోను ఎడమ చేతి మీద ఆనించుకుని కుడిచేత్తో ఏలరాన్, ఎలివేటర్ నడిపేవారు. స్టిక్ కొసన ఉన్న గుండీని మెలితిప్పితే రడ్డర్. థ్రాటిల్ పక్కన మీటగా ఉండేది. అవి ఇప్పుడు దుకాణాల్లో దొరకవు. అంత మంచి పద్ధతి మరుగున పడిపోయిందని నాకు బాధగా ఉంది.

మాస్టారు ఎంచుకున్న దారి సూటిగా ఉంది. విమానాన్నే మార్చారు. రెక్కలు పైన ఉండి, కొసలు బాగా పైకి లేచిన నెమ్మది విమానం, ఏలరాన్లు లేవు. అలాంటి రెక్కలుంటే రడ్డర్ తిప్పగానే విమానం తనంతట తానే వాలి తిరుగుతుంది. రడ్డర్‌ను ఏలరాన్ స్టిక్ మీదకు తెచ్చారు, దాంతో కుడి స్టిక్ ఒక్కటే మలుపులూ ఎత్తూ చూసుకుంటుంది. థ్రాటిల్‌ను రేడియో కుడి అంచు వెనకున్న స్లైడర్‌కు ఇచ్చారు. స్లైడర్‌కు స్ప్రింగ్ లేదు, పెట్టినచోటే ఉంటుంది, కుడి చూపుడువేలుకు అందుతుంది. మోటారు ఆపే స్విచ్ కూడా కుడి భుజానే. మెనూలో థ్రాటిల్ హెచ్చరికను ఆ స్లైడర్‌కు కట్టారు, అది కిందికి లేకపోతే రేడియో ఆన్ చేయగానే హెచ్చరిస్తుంది. రేడియో ఒక ప్లైవుడ్ ట్రేలో కూర్చుంటుంది, ట్రే మెడ పట్టీకి వేలాడుతుంది. ఎడమ ముంజేయి ట్రే మీద ఆనితే చాలు.

"బరువు చూడాలి బాబూ" అన్నారు ఆ వచ్చినాయన నాతో. "పెద్ద రేడియో రెండు చేతులవాళ్ళకు దర్జా, నా మెడకు మాత్రం గంటసేపు బరువు." అందుకే ట్రే అంచులను మాస్టారు ఇంకా చెక్కుతున్నారు.

కొనే ముందు బ్యాండ్ సంగతి కూడా చూసుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్‌ను మన దేశంలో 2005లో లైసెన్సు నుంచి మినహాయించారు కాబట్టి మాస్టారు అందులోనే ఉంటారు. దూరం ఎక్కువ పోయే ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ రేడియో మాడ్యూళ్ళలో 900 మెగాహెర్ట్జ్ దగ్గరివి విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్ళు, మన దగ్గర అనుమతి ఉన్నది 865 నుంచి 868 వరకేనని గుర్తుంచుకోవాలి. ఎగరేసే చోటు గురించి 2021 డ్రోన్ నిబంధనలున్నాయి. 25 కిలోల లోపు, కంటికి కనిపించేంత దూరంలో, వినోదానికో చదువుకో నడిపేవి మోడల్ విమానాల కోవలోకి వస్తాయి. నవ రాయ్‌పూర్ వైపు ఖాళీ జాగాలు ఊరిస్తాయి గానీ ఆ దారిలోనే మానా విమానాశ్రయం ఉంది. దాని ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా ఎగరేయకూడదు, 8 నుంచి 12 మధ్య 200 అడుగులు దాటకూడదు. మాస్టారు తన బృందాన్ని అందుకే ఊరికి ఇంకో వైపు తీసుకెళ్తారు.

ఆపదలో ఇంకొకరు అందుకోలేరని నేనన్న మాటకు జవాబు సాయంత్రం చూపించారు. అమ్మాయి ఐ6 వెనకున్న గుండ్రటి సాకెట్ నుంచి తన టీఎక్స్16ఎస్ ట్రైనర్ జాక్‌కు ఒక తీగ వేశారు. ఆ తీగలో పోయేది స్టిక్‌ల కదలిక కాదు, ఛానెళ్ళు. ఆమె మోడ్ 3లో ఎడమ స్టిక్ వెనక్కి లాగితే బల్ల మీదున్న విమానం ఎలివేటర్ పైకి లేచింది. ఆయన ఆమెకు అదుపునిచ్చే స్విచ్ వదిలి తన మోడ్ 2 రేడియోలో కుడి స్టిక్ లాగితే అదే ఎలివేటర్ అలాగే లేచింది. రెండు రేడియోల్లో ఛానెళ్ళ వరుస ఒకటిగా ఉంటే చాలు, గురువు మోడ్ గురువుది, శిష్యురాలి మోడ్ శిష్యురాలిది.

"ఆదివారం గాలి పదికి మించకపోతే నీదే, తల్లీ" అన్నారు మాస్టారు. ఆమె అప్పటికే ప్రొపెల్లర్ బిగించే పానా కోసం డబ్బాలు వెతుకుతోంది, ఆయన ముందు బ్యాటరీ తీగ పీకమన్నారు.