118 గంటల బోటు, 640 గంటల బోటు

హ్యూస్టన్ చుట్టుపక్కల మన గ్రూపులో గత రెండేళ్ళలో కనీసం నలుగురు నన్ను అడిగారు: "అక్కా, మావారు పాత ఫిషింగ్ బోటు కొంటానంటున్నారు, ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగి ఉంటే మంచిది?" అని. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టేకంటే ఇక్కడ ఒకసారి రాసేస్తే సరిపోతుందనిపించింది. బోటు సరదా మగవాళ్ళదే కావచ్చు, కానీ ఆ పాతికవేల డాలర్లు పోయేది ఇద్దరి ఖాతాలోంచేగా. పైగా గాల్వెస్టన్ జెట్టీల దగ్గర పెద్ద ఓడలు తిరిగే దారిలో ఇంజిన్ ఆగిపోతే ఆ బోటులో మన పిల్లలు కూడా ఉంటారు. కాబట్టి ఇది మనకు సంబంధించిన విషయం కాదని వదిలెయ్యకండి.

కారుకి మైళ్ళు చూసినట్టు బోటు ఇంజిన్‌కి గంటలు చూస్తారు. నీళ్ళ మీద దూరం లెక్క పనికిరాదు. గాలి, అల ఎదురైతే అదే దూరానికి ఇంజిన్ ఎంతో ఎక్కువ కష్టపడాలి. 640 గంటల్ని గంటకు 40 మైళ్ళ చొప్పున కారు లెక్కలోకి మార్చి చూడండి, 25,600 మైళ్ళు వస్తాయి. "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది. కానీ కారు వేగం అందుకున్నాక తేలిగ్గా దొర్లిపోతుంది, పల్లంలో ఊరికే పోతుంది. నీళ్ళలో పల్లం ఎక్కడుంది? బోటు నడిచినంతసేపూ ఇంజిన్ తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టే లాగుతూ ఉండాలి. అందుకని కారు లెక్క చూసి ధైర్యం తెచ్చుకోవద్దు, గంటల అంకె పెద్దదని భయపడనూ వద్దు.

వారాంతాల్లో సరదాగా చేపలు పట్టుకునేవాళ్ళు ఏడాదికి సుమారు 50 నుంచి 100 గంటలు నడుపుతారు. డబ్బు తీసుకుని మనుషుల్ని తీసుకెళ్ళే ఫిషింగ్ గైడ్లయితే అయిదారు వందలు తేలిగ్గా దాటిస్తారు. ఎవరైనా గంటలు చెప్పగానే దాన్ని ఇంజిన్ వయసుతో భాగించండి. బోటు వయసుతో కాదు. పాత బోటుకి మధ్యలో కొత్త ఇంజిన్ బిగించి ఉండొచ్చు. బోటు ఏ ఏడాది మోడలో వెనక కుడివైపు ఉండే 12 అక్షరాల నంబరులో చివరి రెండంకెలు చెప్తాయి. ఇంజిన్‌కి వేరే సీరియల్ నంబరు ప్లేటు ఉంటుంది. దాన్ని ఫోటో తీసి ఆ కంపెనీ డీలరుని అడిగితే ఏ ఏడాదిదో చెప్తారు.

2025లో మేము రెండు బోట్లు గట్టిగా చూశాం. రెండూ 21 అడుగులవే, రెంటికీ 150 హార్స్‌పవర్ యమహా ఫోర్ స్ట్రోక్ ఇంజినే. మొదటిది 2013ది, మీటరు మీద 118 గంటలు. రెండోది 2018ది, 640 గంటలు. ధరలో పెద్ద తేడా లేదు. మావారు, ఆయనతో వచ్చిన ఇద్దరు స్నేహితులు 118 చూసి మురిసిపోయారు. "ఇది కొత్తదాని కిందే లెక్క" అన్నారు. నేను భాగించి చూశాను. ఏడాదికి పది గంటలు కూడా లేవు. రెండోదానికి ఏడాదికి తొంభై పైచిలుకు.

నేను డయాలిసిస్ నర్సుని. మా మెషీన్లకి కూడా గంటల లెక్క ఉంటుంది, ఆ లెక్క ప్రకారం టెక్నీషియన్లు వచ్చి సర్వీసు చేస్తారు. రోజూ మూడు షిఫ్టులు నడిచే మెషీన్ని చూసి మేము భయపడం. మూలన పడి ఉండి ఒక రోజు హఠాత్తుగా కావాల్సి వచ్చినదాన్నే ఒకటికి రెండుసార్లు పరీక్షించి గానీ పేషెంటుకి పెట్టం. ఇంటి దగ్గరా ఇదే విన్నాను. మా పెదనాన్న కాకినాడ హార్బరులో బోట్ల డీజిల్ ఇంజిన్లు బాగుచేసేవారు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, ఆ రోజుల్లోనే ఆయనకి చేతినిండా పని. రెండు నెలలు ఆగిన ఇంజిన్ని అలాగే వేటకి తీసుకెళ్తే ఊరుకునేవారు కాదు. ఇక ఏళ్ళ తరబడి ఆగినదాని సంగతి చెప్పాలా?

ఆగిన అవుట్‌బోర్డ్‌కి ఏమవుతుందంటే, ఇక్కడి పెట్రోలులో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమని లాక్కుంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంటే నీళ్ళు అడుక్కి చేరతాయి, పెట్రోలు జిగురుగా మారి ఇంజెక్టర్లని మూసేస్తుంది. సముద్రపు నీళ్ళు ఇంజిన్ లోపల తిరిగే దారుల్లో ఉప్పు అలాగే ఉండిపోయి లోహాన్ని తింటుంది. నీళ్ళు తోడే పంపులో రబ్బరు రెక్కల ఇంపెల్లర్ ఉంటుంది, అది ఒకే భంగిమలో ఎండిపోయి వంగిపోతుంది. సీళ్ళు గట్టిపడతాయి. ఇవేవీ గంటల మీటరులో కనిపించవు.

మొదటి బోటు అమ్మేది డెబ్బై దాటిన ఒక పెద్దావిడ. భర్త రిటైరయ్యాక కొనుక్కున్నారట. కార్‌పోర్టు కింద ట్రెయిలరు మీద శుభ్రంగా ఉంది. ఆయన రాసుకున్న చిన్న పుస్తకం కూడా ఆవిడ మాకు చూపించారు. చక్కటి చేతిరాత. మొదటి 20 గంటలకి ఆయిల్ మార్చినది, ఏ రోజు ఎన్ని గంటలు, ఎన్ని చేపలు, అన్నీ ఉన్నాయి. 2015 సెప్టెంబరు దగ్గర 109 గంటలు. ఆ తర్వాత ఆయనకి జబ్బు చేసింది. పుస్తకంలో మిగతా పేజీలు ఖాళీ. అంటే రెండేళ్ళలో 109, తర్వాతి పదేళ్ళలో 9. ఆవిడ ఒక్క అబద్ధం ఆడలేదు, మీటరూ ఆడలేదు.

అప్పటికీ తీసిపారెయ్యకుండా మేము డబ్బిచ్చి మా మెకానిక్‌ని పిలిపించాం. అమ్మేవాళ్ళు చూపించే మెకానిక్‌తో సరిపెట్టుకోకండి. మొత్తం పరీక్షకి మాకు 275 డాలర్లయ్యాయి, అది ఎక్కడా దండగ కాదు. ఆయన లాప్‌టాప్ తగిలించి చూస్తే కంప్యూటరులోనూ 118కి దగ్గరగానే ఉంది. తర్వాత కంప్రెషన్ చూశారు. నాలుగు సిలిండర్లూ ఒకదానికొకటి 10 శాతం లోపల ఉండాలంటారు, మూడు బాగానే ఉన్నాయి, నాలుగోది 20 శాతం తక్కువ. కింద గేరు పెట్టెలోంచి నూనె కొంచెం తీస్తే పాలు కలిపిన కాఫీలా వచ్చింది, అంటే లోపలికి నీళ్ళు చేరాయన్నమాట. ట్యాంకులో పెట్రోలు వాసనే వేరుగా ఉంది.

ఆవిడ వరండాలో కూర్చుని ఉన్నారు. "ఏం చెప్పాడు?" అని అడిగారు. మావారు మర్యాదగా "ఆలోచించుకుని చెప్తాం" అనేసి కారెక్కారు. నాకు అలా వచ్చెయ్యబుద్ధి కాలేదు. వచ్చినవాళ్ళందరూ "గంటలు తక్కువ" అంటూ ఆవిడకి ఆశ పెట్టారు, ఆ అంకె మీదే ఆవిడ 29,000 అడుగుతున్నారు. నేను పక్కన కూర్చుని మెకానిక్ రాసిచ్చిన కాగితం వరసగా చదివి చెప్పాను. గేరు సీళ్ళు, నీళ్ళ పంపు, ఇంధనం శుభ్రం చేయించి రసీదులతో అమ్మండి, ఆ సిలిండర్ సంగతి మాత్రం కొనేవాళ్ళకి ముందే చెప్పండి అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా ఆయన ఉంటే ప్రతి వారం స్టార్ట్ చేసేవాడు, నాకు అది చేతకాలేదు" అన్నారు. ఆ కాగితం ఆవిడకే ఇచ్చేసి వచ్చాను. కారులో మావారు "275 మనవి, కాగితం ఆవిడదా?" అన్నారు గానీ ఆ తర్వాత ఏమీ అనలేదు.

రెండో బోటు దగ్గర అసలు చూడాల్సింది ఆ లాప్‌టాప్ రిపోర్టు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఈ కాలపు యమహా, మెర్క్యురీ, సుజుకి ఇంజిన్ల కంప్యూటర్లు గంటల లెక్క దాచుకుంటాయి. యమహా రిపోర్టయితే ఏ వేగంలో ఎన్ని గంటలు తిరిగిందో విడదీసి చూపిస్తుంది. మేము చూసిన 640లో నిమిషానికి 1000 చుట్ల లోపు 150 గంటలు, 1000 నుంచి 3000 దాకా 110, 3000 నుంచి 4000 దాకా 215, 4000 నుంచి 5000 దాకా 150, ఆ పైన 15. అంటే ఎక్కువ భాగం నిదానంగా ప్రయాణించిందే, ఇంజిన్ గొంతు చించుకుని అరిచింది 15 గంటలే. అదే ఆ పై వరసలో 200 గంటలు కనిపిస్తే నేను వెనక్కి తిరిగేదాన్ని. అడుగు వరసలో మరీ ఎక్కువున్నా ఆలోచించాలి గానీ, చేపలు పట్టే బోటుకి ఎంతోకొంత నెమ్మదిగా తిరగడం మామూలే. వేడెక్కిపోయిన హెచ్చరికలేమైనా నమోదై ఉన్నాయేమో కూడా అదే రిపోర్టులో చూడాలి. మాదాంట్లో లేవు.

ఆ యజమాని ప్రతి 100 గంటలకీ ఆయిల్ మార్పించిన రసీదులు క్లిప్పు పెట్టి ఇచ్చాడు. ప్రతిసారీ ఉప్పునీళ్ళలోంచి రాగానే మంచినీళ్ళతో ఇంజిన్ కడిగేవాడట. మాట ఎవరైనా చెప్తారు, అందుకే కవరు తీయించి చూశాం. బోల్టుల చుట్టూ తెల్లటి ఉప్పు పొర లేదు. కానీ నీళ్ళ పంపు మార్చిన రసీదు లేదు, టైమింగ్ బెల్టుదీ లేదు. పంపు ఇంపెల్లర్‌ని 300 గంటలకో మూడేళ్ళకో మార్చమంటారు. యమహాలో బెల్టున్న ఇంజిన్లకి 1000 గంటలు లేదా 5 ఏళ్ళు, ఏది ముందొస్తే అది. 640 కదా, వెయ్యికి ఇంకా టైముందని ఆయన వాదన. ఇంజిన్‌కి ఏడేళ్ళు నిండాయి కదా అని నా వాదన. ఈ రెండిటికీ అయ్యే ఖర్చు మెకానిక్ చేత రాయించి 27,500లోంచి 1,900 తగ్గించుకున్నాం. ఆ బేరం నేనే చేశాను. రైతుబజారులో నేర్చుకున్నది ఎక్కడికి పోతుంది!

డబ్బిచ్చేముందు నీళ్ళలోకి తీసుకెళ్ళి నడిపించండి. ముందు రోజే "మేము వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు" అని చెప్పండి, చల్లగా ఉన్న ఇంజిన్ ఎలా అందుకుంటుందో మీ కళ్ళతో చూడాలి. పక్కనుంచి సన్నటి నీటి ధార గట్టిగా వస్తుండాలి, పంపు పనిచేస్తోందని గుర్తు అది. పూర్తి థ్రాటిల్ ఇచ్చినప్పుడు కంపెనీ చెప్పిన చుట్లు అందుకోవాలి. మా 150కి అది 5000 నుంచి 6000.

డాష్ మీద ఉండే మీటరుని ఒక్కదాన్నే నమ్మొద్దు. కొన్ని మీటర్లు ఇంజిన్ తిరగకపోయినా తాళం తిప్పి ఉంచితే చాలు, గంటలు లెక్కేస్తూ పోతాయి. కొన్నిసార్లు పాత ఇంజిన్ ఉండగా మీటరు కొత్తది వేసి ఉంటారు. పాత టూ స్ట్రోక్ ఇంజిన్లయితే చాలావాటిలో కంప్యూటరే ఉండదు, వాటి గంటలు అమ్మేవాడి నోటిమాటే. అక్కడ కంప్రెషన్ పరీక్ష ఒక్కటే దిక్కు. మన తీరంలో ఇంకో సంగతి కూడా ఉంది. 2017లో హార్వీ, 2024 జులైలో బెరిల్ వచ్చాయి. మునిగి తేలిన ఇంజిన్ గంటలు ఎంత తక్కువున్నా నాకు అక్కర్లేదు. ఆ తుఫానప్పుడు బోటు ఎక్కడుందని సూటిగా అడగండి, ఇన్సూరెన్సు క్లెయిము ఉందేమో అడగండి.

కాగితాల దగ్గర కూడా జాగ్రత్త. టెక్సాస్‌లో బోటుకి ఒక టైటిల్, అవుట్‌బోర్డ్ ఇంజిన్‌కి వేరే టైటిల్ ఉంటాయి, రెండూ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ దగ్గరే. ఇంజిన్ టైటిల్ మీది సీరియల్ నంబరు, ప్లేటు మీది నంబరు, లాప్‌టాప్ రిపోర్టులో నంబరు మూడూ ఒకటేనా అని అక్షరం అక్షరం చూడండి. బ్లడ్ బ్యాగు ఎక్కించేముందు ఇద్దరు నర్సులం చదువుకుంటామే, అలాగ.

మా మీటరు ఇప్పుడు 731. 700కి సర్వీసు అయింది, తర్వాతది 800కి గానీ వచ్చే మార్చికి గానీ. పుస్తకం నేనే రాస్తున్నాను, చేపల లెక్కతో సహా. మీలో ఎవరైనా బోటు చూడ్డానికి వెళ్తుంటే రిపోర్టు పేజీ ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. నైట్ షిఫ్టు ఉంటే తప్ప సాయంత్రం ఆరు తర్వాత చూసి చెప్తాను.